మొదటి పేజీలో నంబర్లు

2025 అక్టోబర్ 27, సోమవారం

సైటు తెరిచాం. పాత పుస్తకాలు. గ్రూప్స్, డీఎస్సీ, ఎస్సై, కానిస్టేబుల్, బ్యాంకు పరీక్షలవి. హాస్టల్ ఖాళీ చేసే రోజు పిల్లలు తూకానికి వేసిపోయేవి. తూకంవాడికన్నా ఎక్కువిచ్చి కొంటాం. దులిపి, అట్ట వేసి, సగం ధరకి అమ్ముతాం. చైతన్యపురిలో ఇంటి కింది గదే గోడౌను.

సైటు ఉందని ఇంకా ఎవరికీ తెలీదు.

అక్టోబర్ 28

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగి బస్‌స్టాప్ చేరేలోపు చేతికొచ్చినవి: స్పోకెన్ ఇంగ్లిష్, సాఫ్ట్‌వేర్ కోర్సు, లేడీస్ హాస్టల్, మొలలకి మందు. తీసుకున్నవాళ్ళు నాలుగడుగులు వేసి పడేస్తున్నారు. పంచే పిల్లవాడు నలగని కాగితాలు ఏరుకొచ్చి మళ్ళీ పంచుతున్నాడు. ఎండలో ఉన్నాడు. నా చేతిలోవి పడేయలేదు, బ్యాగులో పెట్టుకున్నాను.

అక్టోబర్ 30

మరిది అన్నాడు: “పెద్ద కష్టమేముంది వదినా. ఒక్క మెసేజ్ కొడ్తే అయిపాయె.”

“ఎవరికి?”

కట్టలోంచి ఒక పుస్తకం లాగి అట్ట తిప్పాడు. మొదటి పేజీలో పేరు, ఊరు, హాస్టల్ గది నంబరు, ఫోన్ నంబరు. ఇంకొకటి లాగాడు. దాంట్లోనూ. దాదాపు అన్నిట్లో ఉన్నాయి. గది నిండా నంబర్లే. అందరూ పరీక్షలకి చదివినవాళ్ళే. ఇంతకన్నా మంచి లిస్టు డబ్బులు పోసినా దొరకదన్నాడు. ఆ మాట నిజం.

నేనొకటి తీశాను. నంబరు పైన నీలం సిరాతో రాసి ఉంది: ఈ పుస్తకం దొరికినవారు దయచేసి ఫోన్ చేయగలరు.

పోయిన పుస్తకం తిరిగి రావాలని రాసుకున్న నంబరు. ఇంకో పనికి వాడకూడదు. వద్దన్నాను.

అక్టోబర్ 31

తెలుగు అకాడమీ చరిత్ర పుస్తకం. అట్ట లోపల పెన్సిల్ రాత, ఒకదాని కింద ఒకటి.

29, 30 ఆగస్టు 2023. కొట్టేసి ఉంది.
2, 3 నవంబర్. కొట్టేసి ఉంది.
6, 7 జనవరి 2024. కొట్టేసి ఉంది.
7, 8 ఆగస్టు. కొట్టేసి ఉంది.
15, 16 డిసెంబర్. చుట్టూ గీత.

గ్రూప్-2 పరీక్ష తేదీలు. వాయిదా పడ్డవే కొట్టేసినవి. 783 పోస్టులు. నోటిఫికేషన్ 2022 డిసెంబర్‌లో. పరీక్ష 2024 డిసెంబర్‌లో. మధ్యలో ఈ పుస్తకం ఒక్కరి దగ్గరే ఉంది. అంచులు నల్లబడ్డాయి.

ఫొటో పెడితే దిల్‌సుఖ్‌నగర్‌లో చదివిన ప్రతివాళ్ళూ ఆగి చూస్తారని మరిది అన్నాడు. నాకూ అనిపించింది. కానీ ఆ రాత ఒకరిది. అమ్మింది ఫలానా హాస్టల్ అమ్మాయని గుర్తుంది. హాస్టల్ ఆంటీతో కబురు పెట్టాను. జవాబు వచ్చేదాకా పుస్తకం పక్కన.

నవంబర్ 1, శనివారం

మూసారాంబాగ్ దగ్గర మూడో అంతస్తు. బల్క్ మెసేజ్‌ల ఆఫీసు. రెండు ధరలు చెప్పాడు. డీఎల్‌టీతో, అంటే పంపేవాళ్ళ పేరు, పంపే వాక్యం ముందే నమోదు చేసి, ఒకటి. డీఎల్‌టీ లేకుండా ఇంకోటి, తక్కువది.

లేకుండా ఎట్లా పోతాయని అడిగాను.

“మామూలు సిమ్‌ల నుంచి పోతయి మేడం. ఒకటి బ్లాకైతే ఇంకోటి.”

సిమ్‌లు ఎవరి పేరు మీద ఉన్నాయని అడిగాను. టీ తెప్పించాడు.

నవంబర్ 2, ఆదివారం

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమాలు చదివాను. 2018 జూలై 19 నాటివి. 2025 ఫిబ్రవరి 12న సవరించారు. రాసుకున్నవి:

మామూలు 10 అంకెల నంబరు నుంచి వ్యాపార మెసేజ్‌లు పంపకూడదు. ప్రచారం కాల్ అయితే 140తో మొదలయ్యే నంబరు నుంచే.

వచ్చిన మెసేజ్ మీద ఫిర్యాదుకి గడువు 3 రోజులుండేది. ఇప్పుడు 7.

10 రోజుల్లో 5 ఫిర్యాదులొస్తే చర్య. ఇంతకుముందు 7 రోజుల్లో 10 రావాల్సి ఉండేది.

మొదటిసారికి అవుట్‌గోయింగ్ 15 రోజులు బంద్. మళ్ళీ చేస్తే పంపినవాళ్ళ కనెక్షన్లన్నీ ఏడాది పాటు కట్. అన్ని కంపెనీల్లోనూ.

మరిదికి చదివి వినిపించాను. బ్యాంకు, గ్యాసు, ఆధార్ అన్నీ అతని సిమ్‌కే ఉన్నాయి. అప్పుడేమీ అనలేదు. అన్నం తిన్నాక వచ్చి, “ఐదుగురు చాలంట గదా” అన్నాడు.

నవంబర్ 4

మా ఆయన ఫోన్‌లో స్టార్ట్ 0 అని 1909కి ఎప్పుడో పంపి పెట్టుకున్నారు. ఏ ప్రచారమూ వద్దని. విడివిడిగా కూడా వద్దనొచ్చు. 1 బ్యాంకులు, 2 ఇళ్ళు స్థలాలు, 3 చదువులు, 4 ఆరోగ్యం. ఇంకా ఉన్నాయి.

ఈ వీధిలో 3 వద్దని పెట్టుకున్న తల్లిదండ్రులు చాలామంది ఉండాలి. ఇంటర్ ఫలితాలొచ్చిన వారం ఫోన్ ఆగకుండా మోగిన ఇళ్ళు నాకు తెలుసు. పిల్ల ఫెయిలైన ఇంటికీ కంగ్రాట్స్ అంటూ కాల్ వచ్చింది. తల్లి ఫోన్ ఆపేసి బియ్యం డబ్బాలో పెట్టేసింది.

నవంబర్ 5, కార్తీక పౌర్ణమి

సరూర్‌నగర్ చెరువు వైపు జనం. పని లేదు.

నవంబర్ 7

మెసేజ్‌ల చివరి అక్షరం చూస్తున్నాను. పంపినవాళ్ళ పేరు తర్వాత గీత, గీత తర్వాత ఒక అక్షరం. పి అంటే ప్రచారం. ఎస్ అంటే సర్వీసు. టి అంటే లావాదేవీ. జి అంటే ప్రభుత్వం. ఈ ఏడాదే వచ్చింది. ముందున్న రెండు అక్షరాల్లో మొదటిది ఫోన్ కంపెనీది, రెండోది సర్కిల్‌ది. రాష్ట్రాలు రెండైనా టెలికాం సర్కిల్ ఇంకా ఒకటే.

పొద్దున్నుంచి వచ్చినవన్నీ పి. ఒక్కటి టి. కరెంటు బిల్లు కట్టినట్టు.

నవంబర్ 8

డీఎల్‌టీలో పేరు నమోదుకి పెట్టాం. పాన్, అడ్రసు, సంతకంతో ఉత్తరం. తర్వాత హెడర్, అంటే మెసేజ్ మీద కనబడే పేరు. ఆ తర్వాత టెంప్లేట్. పంపబోయే వాక్యం ముందే వాళ్ళకి చూపించి ఒప్పించుకోవాలి. ధర, పుస్తకం పేరు మారేచోట ఖాళీ వదలాలి. మిగతాది అక్షరం మారినా మెసేజ్ పోదు. సైటు లింకు కూడా ముందే చెప్పి ఉండాలి. 2024 అక్టోబర్ నుంచి చెప్పని లింకు ఉంటే మధ్యలోనే ఆపేస్తున్నారు.

2021 మార్చి 8 గుర్తుంది. ఈ టెంప్లేట్ల తనిఖీ మొదలైన రోజు. నమోదు చేయనివి, సరిపోలనివి అన్నీ ఆగిపోయాయి. బ్యాంకుల ఓటీపీలు కూడా. ఎంతసేపు చూసినా రాలేదు. ట్రాయ్ వారం పాటు తనిఖీ నిలిపేసింది.

పెద్ద బ్యాంకులకే అయింది. మనం ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి.

నవంబర్ 9, ఆదివారం

ఇంగ్లిష్‌లో ఒక ఎస్సెమ్మెస్‌కి 160 అక్షరాలు. తెలుగులో 70. గుణింతం, ఒత్తు, పొల్లు వేరువేరుగా లెక్క. పుస్తకాలు అని రాస్తే మనకి నాలుగు, ఫోన్‌కి తొమ్మిది. తెలుగులో పంపితే రెండు మెసేజ్‌ల ఖర్చు పడుతుందని మరిది లెక్క తీశాడు.

తెలుగులోనే పంపుదామన్నాను. డీఎస్సీ తెలుగు మీడియం పిల్లలకి తెలుగు పుస్తకాలు అమ్ముతూ ఇంగ్లిష్‌లో పిలవడం నాకు నచ్చదు. ఖర్చు నేను పెట్టుకుంటాను.

నవంబర్ 10

కొత్తపేటలో జిరాక్స్ షాపు. మా లేబుళ్ళు ప్రింటు తీయించుకుంటుంటే పక్కన నిలబడ్డతను స్క్రీన్ చూశాడు. పాత పుస్తకాలా అన్నాడు. జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు.

డీఎస్సీ రాసినవాళ్ళ నంబర్లు ఉన్నాయన్నాడు. జిల్లాలవారీగా. ఇంటర్ సెకండియర్ పిల్లలవి, తండ్రి నంబరుతో సహా. నీట్ వాళ్ళవి వేరే ధర. ఎక్కడివని అడిగితే, అవన్నీ ఎందుకు మేడం, ఫ్రెష్ డేటా అన్నాడు. నమ్మకం కుదరాలని ఒక షీట్ తెరిచి చూపించాడు. పేరు, ఊరు, కులం, మార్కులు, ఫోన్.

కులం గడి దగ్గర నా కళ్ళు ఆగాయి. పుస్తకం అమ్మడానికి అదెందుకు?

2023 మార్చిలో సైబరాబాద్ పోలీసులు ఒక ముఠాని పట్టుకున్నారు. 16.8 కోట్ల మంది వివరాలు అమ్మకానికి పెట్టారు. వాటిలో నీట్ పిల్లలవీ ఉన్నాయి, సైన్యంలో పనిచేసేవాళ్ళవీ ఉన్నాయి. ఏప్రిల్ మొదట్లో ఇంకో కేసు. ఒక్కడి దగ్గర 66.9 కోట్ల మంది వివరాలు, 24 రాష్ట్రాలవి. అంత పెద్ద అంకె అప్పుడు పేపర్లో చదివి పక్కన పెట్టాను. ఇవాళ షీట్‌లో ఒక వరస చదివాను. సూర్యాపేట జిల్లా అమ్మాయి. మార్కులు బాగా వచ్చాయి.

వద్దని చెప్పాను. ధర తగ్గించాడు. ధర గురించి కాదన్నాను. లేబుళ్ళు తీసుకుని వచ్చేశాను. జిరాక్స్ అబ్బాయి డబ్బులు తీసుకుంటూ తల దించుకున్నాడు.

నవంబర్ 12

మెట్రో స్తంభాలకి స్టిక్కర్లు అంటిస్తామని ప్రింటింగ్ ప్రెస్ అతను వచ్చాడు. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్బీ నగర్. రాత్రి పూట అంటిస్తారట. రాత్రి పూటే ఎందుకని అడగక్కర్లేదు. గోడలు, స్తంభాలు పాడుచేయకుండా 1997 నుంచీ చట్టం ఉంది. ఆ చట్టం వచ్చాకే చైతన్యపురి గోడల మీద ఇన్ని కోచింగ్ సెంటర్ల పేర్లు పడ్డాయి.

నవంబర్ 13, గురువారం

సాయిబాబా గుడి దగ్గర నడవడానికి లేదు. పూల కొట్టు ఆమెకి మా పుస్తకాల సంగతి చెప్పాను. ఆమె కొడుకు కానిస్టేబుల్‌కి చదువుతున్నాడు. నంబరు ఇవ్వబోయింది. వాడినే ఇవ్వమను అన్నాను. సాయంత్రం వాడే వచ్చి గదిలో కూర్చుని పుస్తకాలు చూసుకున్నాడు. అర్థమెటిక్ తీసుకున్నాడు.

నవంబర్ 15

పేపర్లో వచ్చింది. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టానికి నియమాలు ఇప్పుడు నోటిఫై చేశారు. ఆయన గట్టిగా చదువుతుంటే పప్పు తాలింపు వేస్తూ విన్నాను.

సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినదై ఉండాలి. ఏ పనికో చెప్పి తీసుకోవాలి. ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకోనివ్వాలి. కోరితే నోటీసు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో ఏదైనా ఒకదాంట్లో చూపాలి. తెలుగు అందులో ఉంది. భద్రత సరిగ్గా లేక డేటా బయటికి పోతే జరిమానా 250 కోట్ల దాకా. ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి వచ్చేది 18 నెలల తర్వాత.

ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి. ఈ మాట రెండోసారి చదివించుకున్నాను.

నవంబర్ 17

పొడుగు రిజిస్టర్ కొన్నాను. గీతలు నేనే కొట్టాను. పైన ఇలా రాశాను:

పుస్తకాలు వచ్చినప్పుడు వాట్సాప్‌లో మెసేజ్ కావాలంటే మీ నంబరు మీరే రాయండి. ఏ పరీక్షవి కావాలో రాయండి. వారానికి ఒక్కటి మించి పంపం. ఎవరికీ ఇవ్వం. వద్దనుకుంటే ‘ఆపు’ అని పెట్టండి, ఆ రోజే ఆపేస్తాం.

కింద మా పేరు, ఇంటి అడ్రసు, ఫోన్. మెస్‌లో చేతులు కడిగే చోట బల్ల మీద పెట్టనిచ్చారు. దారం కట్టిన పెన్ను.

నవంబర్ 18

సాయంత్రం రిజిస్టర్ తెచ్చుకునేసరికి పేజీ బయటికి తెరిచే ఉంది. ముందు రాసినవాళ్ళ నంబర్లు తర్వాతివాళ్ళందరికీ కనబడతాయి. అమ్మాయిలవి కూడా. రేపట్నుంచి రిజిస్టర్ వద్దు. చీటీలు, మూతకి చీలిక ఉన్న డబ్బా. మెస్ ఆయన పాత నెయ్యి డబ్బా ఇచ్చారు.

నవంబర్ 20

డబ్బాలోవి:

డీఎస్సీ మాత్రమే. వేరేవి పంపొద్దు.

పొద్దున పంపకండి, చదువుకుంటా.

గ్రూప్-3 ఉంటే చెప్పండి అన్నా. (అన్న ఎవరూ లేరు ఇక్కడ.)

నంబరు రాసి, కొట్టేసి, మడతపెట్టి మరీ వేసిన చీటీ. కొట్టేసిన నంబరు చదవడానికి వస్తుంది. చించేశాను.

మా ఫ్రెండ్‌ది అని ఇంకొకరి నంబరు. అదీ చించేశాను.

నంబరు లేదు. జనవరిలో జీతం వచ్చినంక నేనే వస్తా అని ఉంది.

నవంబర్ 21

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో ఒకదానికి 256 మంది. మన నంబరు వాళ్ళ ఫోన్‌లో సేవ్ చేసుకుని ఉంటేనే మెసేజ్ చేరుతుంది. సేవ్ చేసుకోనివాళ్ళకి చేరదు. మంచి ఏర్పాటు. ఛానెల్ కూడా తెరిచాం. అందులో చేరినవాళ్ళ నంబరు తోటివాళ్ళకి కనిపించదు.

వాట్సాప్ ట్రాయ్ నియమాల కిందికి రాదని బల్క్ మెసేజ్‌ల అతను ఫోన్ చేసి చెప్పాడు. అక్కడైతే ఎంతమందికైనా కొట్టొచ్చట. నిజంగానే రాదు. కానీ అందుకునేవాళ్ళకి ఆ తేడా ఏం తెలుస్తుంది? ఫోన్ అదే, విసుగు అదే. జనం బ్లాక్ నొక్కితే వాట్సాపే నంబరు తీసేస్తుంది.

నవంబర్ 23, ఆదివారం

మరిది సైటుకి కొన్న తయారు డిజైన్‌లో రెండు సంగతులు కనిపించాయి.

ఆర్డర్ పేజీలో ‘ఆఫర్లు పంపండి’ అన్న గడిలో ముందే టిక్కు ఉంది. తీయించాను. కొనుగోలుకి సమ్మతి ముందే టిక్కు పెట్టి తీసుకోకూడదని 2020 ఈ-కామర్స్ నియమాల్లో ఉంది. కొనడానికి వర్తించేది మెసేజ్‌కి ఎందుకు వర్తించకూడదు? ఆ నియమాల ప్రకారమే ఫిర్యాదులు చూసే మనిషి పేరు పెట్టాలి. నా పేరు పెట్టాం. 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి.

పైన ఎర్ర గడియారం తిరుగుతోంది. ఆఫర్ ముగియడానికి ఇంకా ఇన్ని నిమిషాలు. ఏ ఆఫరూ లేదు. 2023 నవంబర్ 30న కేంద్రం 13 రకాల మోసపు డిజైన్లు నిషేధించింది. లేని తొందర పుట్టించడం వాటిలో ఒకటి. గడియారం తీశాడు.

‘ఒక్క కాపీయే ఉంది’ అన్నది మాత్రం ఉంచాం. పాత పుస్తకం కదా. ప్రతిదీ ఒక్కటే.

నవంబర్ 25

పోస్టాఫీసు. మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని వచ్చింది, చదువు పుస్తకాలకి. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100. పన్ను అదనం. రోడ్డు మీదే పోతుంది, ఆలస్యం. ఆదిలాబాద్ పిల్లకి రెండు కిలోల కట్ట పంపడానికి కొరియర్ అడిగినదానితో పోలిస్తే చాలా తక్కువ.

లోపల ప్రకటనలు ఉండకూడదు. పుస్తకాల జాబితా ఉండొచ్చు. మరిది వేయించిన రంగు కాగితం తీసేసి తెల్ల కాగితం మీద జాబితా రాసి పెట్టాను. కౌంటర్‌లో ఆమె విప్పి చూసి, మళ్ళీ నాకన్నా చక్కగా కట్టింది.

నవంబర్ 27, గురువారం

హాస్టల్ ఆంటీ కబురు తెచ్చింది. ఆ అమ్మాయి ఇప్పుడు ఊళ్ళో ఉందట. పెట్టుకోండి, పేరొద్దు అన్నదట.

పేరు, నంబరు ఉన్న మేర తెల్ల కాగితం కప్పి ఫొటో తీశాం. ఛానెల్‌లో ఐదు వరసల తేదీలు. కింద ధర రాయలేదు. ఆ పుస్తకం అమ్మకానికి లేదు.

నవంబర్ 28

రాత్రి నుంచి జనం చేరుతున్నారు. ఎవరికీ మేం పంపలేదు. చూసినవాళ్ళు చూపించుకుంటున్నారు. ఒకబ్బాయి తన పుస్తకం ఫొటో పెట్టాడు, అవే తేదీలు, అదే వరస. ఇంకొకరు తారీఖుల పక్కన అప్పటి తమ వయసు రాశారు. వరంగల్ నుంచి, కర్నూలు నుంచి, అశోక్‌నగర్ నుంచి.

మరిది రాత్రి రెండు దాకా మేలుకుని ఉన్నాడు. పొద్దున లేచి, “మనం ఏం జెయ్యలే గదా వదినా” అన్నాడు.

డిసెంబర్ 2

ఎల్బీ నగర్‌లో బట్టల షాపు. లంగా గుడ్డ. బిల్లు దగ్గర ఫోన్ నంబరు చెప్పమన్నారు. ఇవ్వనన్నాను. నంబరు లేకపోతే సిస్టమ్ ముందుకి పోదని పిల్ల భయంగా చెప్పింది. 2023 మేలోనే కేంద్ర వినియోగదారుల శాఖ నంబరు కోసం పట్టుబట్టొద్దని షాపులకి చెప్పింది. ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. మేనేజర్ వచ్చి 10 సున్నాలు కొట్టాడు. బిల్లు వచ్చింది.

డిసెంబర్ 4

‘ఆపు’ అని మొదటి మెసేజ్. వెంటనే ఇంకోటి: స్కూల్లో జాయినైన అక్కా. ఇంక డీఎస్సీ పుస్తకాలు అక్కర్లే.

పేరు కొట్టేశాం. ఎస్సెమ్మెస్ నియమం ప్రకారం ఒకసారి వద్దన్నవాళ్ళని 90 రోజుల దాకా మళ్ళీ అడక్కూడదు. వాట్సాప్‌కి ఆ నియమం లేదు. మేం అదే పాటిస్తాం. ఈ అమ్మాయినైతే ఎప్పటికీ అడగం. దేవుడి దగ్గర దీపం పెట్టాను.

డిసెంబర్ 7, ఆదివారం

కొత్తపేట పండ్ల మార్కెట్‌లో పనిచేసిన పెద్దాయన మా వీధిలోనే ఉంటారు. మార్కెట్ బాటసింగారం పోయాక అక్కడికే వెళ్ళొస్తున్నారు. నల్లగొండ బత్తాయి దిగినప్పుడు ఫోన్ చేయమన్నవాళ్ళ నంబర్లు పొడుగు పుస్తకంలో రాసుకున్నారు. పక్కన ఎంత సైజు కావాలో గుర్తు. కొన్ని పేర్లకి అడ్డగీత ఉంది. ఏమని అడిగితే, “షుగరొచ్చిందన్నరమ్మా, చెయ్యొద్దన్నరు” అన్నారు.

డిసెంబర్ 11

హాస్టళ్ళు ఖాళీ. సర్పంచ్ ఎన్నికలు. 11, 14, 17. పిల్లలు ఓటుకి ఊళ్ళకెళ్ళారు. వనస్థలిపురం, హయత్‌నగర్ దాటే బస్సులన్నీ నిండుగా పోతున్నాయి. మెస్‌లో డబ్బా ఖాళీ.

డిసెంబర్ 15

టెక్సాస్ నుంచి ఒకాయన మెయిల్. 90ల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో చదివారట. మేనల్లుడికి పుస్తకాల కట్ట పంపమని డబ్బు కట్టారు. కొత్తవి వచ్చినప్పుడు మెయిల్ చేయండి, ఇక్కడ మా వాళ్ళకీ చెప్తానన్నారు.

చదివాను. మెయిల్ విషయంలో మన దగ్గర విడిగా చట్టం లేదు. ఐటీ చట్టం 66ఏలో విసిగించే మెయిళ్ళ గురించి ఒక ముక్క ఉండేది. ఆ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది, భావప్రకటన స్వేచ్ఛకి అడ్డమని. కొట్టేయడం సరైనదే. అమెరికాలో 2003 చట్టం: ముందు అడగకపోయినా పంపొచ్చు, కానీ సబ్జెక్టులో అబద్ధం ఉండకూడదు, అసలు అడ్రసు ఉండాలి, వద్దంటే 10 పనిదినాల్లో ఆపాలి. కెనడాలో 2014 జూలై నుంచి ముందే అడగాలి. పుస్తకం కొన్నవాళ్ళకి రెండేళ్ళ దాకా సమ్మతి ఉన్నట్టే లెక్క.

కెనడా పద్ధతి పెట్టుకున్నాం, అన్ని దేశాలకీ. ఆయనకి మెయిల్ చేస్తాం. ఆయన వాళ్ళకి చెయ్యం. వాళ్ళు అడిగితే చేస్తాం.

డిసెంబర్ 19

ఎవరో నన్ను ‘దిల్‌సుఖ్‌నగర్ ప్లాట్స్’ అనే గ్రూపులో చేర్చారు. వందల నంబర్లు. నా నంబరు కూడా అందరికీ కనబడుతోంది. బయటికొచ్చాను. ఎవరు చేర్చొచ్చో మనం నిర్ణయించుకునే సెట్టింగు 2019 నుంచీ ఉంది. ఇవాళ మార్చుకున్నాను. పక్కింటి అత్తయ్య ఫోన్‌లోనూ మార్చి ఇచ్చాను. ఆమెని అప్పటికే ఏడెనిమిది గ్రూపుల్లో పెట్టి ఉన్నారు.

డిసెంబర్ 22

మరిది చదివి చెప్పాడు. మొట్టమొదటి అడగని ప్రచార మెయిల్ 1978 మే 3న వెళ్ళిందట. అమెరికాలో ఒక కంప్యూటర్ల కంపెనీ సేల్స్ మనిషి, గ్యారీ థుర్క్. దాదాపు 400 మందికి. జనం తిట్టారు. కంప్యూటర్లు అమ్ముడుపోయాయి కూడా.

అమ్ముడుపోయాయన్నది మరిది దాచకుండా చెప్పాడు. నేనూ దాచకుండా రాశాను. పని చేస్తుంది కాబట్టే పంపుతారు. మేం పంపకపోవడానికి కారణం అది కాదు.

డిసెంబర్ 26

ఎస్సెమ్మెస్ హెడర్ ఒప్పుకున్నారు. ఒక టెంప్లేట్ తిప్పి పంపారు, వేరే రకం కింద పెట్టామని. ప్రచారం కింద పెట్టి మళ్ళీ పంపాం. చివర పి వస్తుంది. రావాలి. ప్రచారమే కదా.

2026 జనవరి 3

కొత్తగా వచ్చిన కట్టలు. ఇప్పుడు ముందు మొదటి పేజీ పని. పేరు, ఫోన్, హాల్‌టికెట్ నంబరు ఉన్న చోట మందపాటి కాగితం గోధుమపిండి జిగురుతో అంటిస్తున్నాం. గీతలు కొడితే వెలుగులో పెట్టి చదవొచ్చు. కొన్ని పుస్తకాల్లో అమ్మ నంబరు, నాన్న నంబరు కూడా. ఒకదాంట్లో బ్యాంకు పాస్‌బుక్ జిరాక్స్ మడత. అది వాళ్ళకి పోస్టులో పంపాను.

పుస్తకం అమ్మడానికి వచ్చిన అబ్బాయి చూసి, ఎందుకక్కా ఇంత పని అన్నాడు. మీ నంబరు కొన్నవాళ్ళ దగ్గరికి పోవద్దని అన్నాను. సంచిలోంచి మిగతావి తీసి వాడే కూర్చుని అంటించాడు.

జనవరి 6

బల్క్ మెసేజ్‌ల ఆఫీసుకి తాళం. కింద పాన్‌షాపు ఆయన ఖాళీ చేసి పోయారన్నాడు. ఎందుకో తెలీదు.

జనవరి 10, శనివారం

ఆర్డర్ల పుస్తకంలో ‘మా సంగతి ఎలా తెలిసింది’ అని ఒక గడి ఉంది. నింపినా సరే, నింపకపోయినా సరే. పొద్దున కూర్చుని అన్నీ చూశాను. మెసేజ్ చూసి వచ్చామన్నవాళ్ళు కొందరు. తేదీల ఫొటో చూసి వచ్చామన్నవాళ్ళు ఇంకొందరు. ఎక్కువమంది రాసింది రూమ్మేట్ చెప్పిందనో, మెస్‌లో ఎవరో అన్నారనో, అన్న కొన్నాడనో.

రేపట్నుంచి సంక్రాంతికి పిల్లలు ఊళ్ళకి పోతారు. 19 దాకా మెసేజ్‌లు పంపం.